అమ్మకాన్ని అమ్మకం అనరెందుకు?

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ పక్కన, కూర్మన్నపాలెం టీ కొట్టు దగ్గర. మావయ్య ఆ ఫ్యాక్టరీలోనే చేసి రిటైరయ్యాడు. మేనకోడలు హైస్కూల్లో తెలుగు టీచరు. నిన్న ఒక నాయకుడి సభకి ఇద్దరూ వెళ్లొచ్చారు. ఆయన మాటల్లో సొగసే తప్ప సంగతి లేదని మేనకోడలు అంది.

మావయ్య: చప్పగా చెబితే ఎవడు వింటాడే? 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్నారు గనకే జనం రోడ్డెక్కారు. ‘కర్మాగారం మంజూరు చేయ ప్రార్థన’ అని అర్జీ పెట్టుకుంటే వచ్చేదా? ఉక్కు, హక్కు. ఆ ప్రాసే పని చేసింది.

మేనకోడలు: ప్రాసని నేనెక్కడ తప్పుపట్టాను? ఆ నాలుగు మాటల్లో ఏం కావాలో ఉంది, ఎవరికో ఉంది. ఇచ్చారా లేదా అని చిన్నపిల్లాడైనా అడగ్గలడు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించేదాకా జనం అడిగారు. మరి 2021 జనవరిలో వచ్చిన మాట చూడు: ‘వ్యూహాత్మక పెట్టుబడుల ఉపసంహరణ’. ప్లాంటులో కేంద్రానికున్న నూటికి నూరు శాతం వాటా అమ్మడానికి పెట్టిన పేరది! క్లాసులో బోర్డు మీద రాశాను. ‘ఉపసంహరణంటే వెనక్కి తీసుకోవడం కదా టీచర్, మంచిదేగా’ అంది ఒక పిల్ల. వాళ్ల నాన్న ప్లాంటులో కాంట్రాక్టు లేబరు. అమ్మేదెవరు, కొనేదెవరు, పొట్ట కొట్టేది ఎవరిది? ఆ మాటలో ఒక్కరూ కనపడరు. పైగా ‘నిర్ణయం తీసుకోబడింది’ట. ఎవరు తీసుకున్నారు?

మావయ్య: నీ నాలుగు మాటల్లో మాత్రం మేం కనపడ్డామా? హక్కు ఆంధ్రులందరిదీ, భూములు మావి. ఊరు ఖాళీ చేయించి ‘నిర్వాసితులు’ అని పేరెట్టారు. భూములు పోయినోళ్లకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని, ఉద్యోగం రాకుండానే ముసలైపోయినోళ్లున్నారు.

మేనకోడలు: నిజమే మావయ్యా. ఆ నినాదం పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

మావయ్య: నిన్న ఆయన ‘ఏటి, బాగున్నారా’ అనగానే ముందు చప్పట్లు కొట్టింది నువ్వే.

మేనకోడలు: మన యాస మైకులో వినపడితే ఒళ్లు పులకరించింది.

మావయ్య: అది మన యాసా? ‘బాగున్నారేటి’ అనాలి.

మేనకోడలు: మా నాయనమ్మ అలాగే అనేది.

మావయ్య: ఆవిడది విజయనగరం వైపు.

మేనకోడలు: యాస సంగతి వదిలేయ్. ‘ప్లాంటుని కంటికి రెప్పలా కాపాడతాం’ అన్నాడు. అమ్మం అన్నాడా? 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్లు ప్రకటించింది. అది అంకె. ఎంతొచ్చింది, దేనికైందని నిలదీయొచ్చు. కంటిరెప్పని ఏమని నిలదీస్తాం?

మావయ్య: వచ్చే సభలో అడుగు. మైకివ్వరు.

మేనకోడలు: ముందు వరసలో కూర్చుంటాను. నువ్వూ రా. ఆర్ కార్డు సంగతి నువ్వే అడగాలి.