ఏ క్లాసైనా ఒకటేనా?

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు, నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. కరాటే, జూడో, బాక్సింగ్ ఏదైనా ఒకటేనట. గెలిపించేది విద్య కాదు, మనిషేనట. అందుకని ఇంటికి దగ్గర్లో ఏ క్లాసుంటే అందులో పిల్లల్ని చేర్చెయ్యాలట.

విద్యతో పనిలేదన్న మాట ముందు చూద్దాం. 1993 నవంబర్‌లో అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ, అంటే రకరకాల విద్యలవాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీ, జరిగింది. బరువు తరగతులు లేవు. గ్రేసీ కుటుంబం, నేలమీద పట్టి లొంగదీసే తమ జియుజిత్సు సత్తా చూపించడానికి, గట్టివాడైన అన్న రిక్సన్ ఉండగా బక్కపలచటి తమ్ముడు రాయిస్‌ను దింపింది. కండబలంతో గెలిచాడని రేపు ఎవరూ అనకూడదు మరి! ఒక్క చేతికే గ్లవ్ తొడుక్కొచ్చిన బాక్సర్ జిమ్మర్సన్, రాయిస్ కింద పడ్డాక ఏం చెయ్యాలో తోచక ఓటమి ఒప్పేసుకున్నాడు. అతనేమీ చేతకానివాడు కాడు, నేలమీద పెనుగులాట ఎవరూ నేర్పలేదంతే. మరుసటి ఏడాది తనకంటే 30 కిలోలకు పైగా బరువున్న రెజ్లర్ డాన్ సెవర్న్ కింద పావుగంట నలిగి, చివరికి కాళ్లతో మెడ బిగించి లొంగదీశాడు రాయిస్.

ఇక మనిషే ముఖ్యమన్నది. సగం నిజం. 2000లో టోక్యోలో అదే రాయిస్ 90 నిమిషాలు పోరాడి జపాన్ రెజ్లర్ సకురాబా చేతిలో ఓడాడు. అప్పటికి ఆ కిటుకులు అందరికీ తెలిసిపోయాయి. అందరికీ అన్నీ వచ్చాకే మనిషికీ మనిషికీ తేడా బయటపడుతుంది.

ఎక్కడ చేరినా ఒకటే అన్న సలహాతోనే నాకు అసలు పేచీ. 1882లో జూడో మొదలుపెట్టిన కానో, ప్రమాదకరమైన దెబ్బల్ని కుస్తీ సాధనలోంచి తీసి పక్కన పెట్టాడు. దాంతో మిగిలినవాటిని శిష్యులు రోజూ ఒకరిమీద ఒకరు పూర్తి బలంతో ప్రయోగించగలిగారు. మన క్లాసుల్లో చాలాచోట్ల ఏం జరుగుతుంది? పిల్లలు వరసగా నిలబడి ఇచీ, నీ, సాన్ అని జపనీస్‌లో ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ గాల్లో గుద్దుతారు. జంటగా చేయిస్తే ఎదుటివాడు చెయ్యి చాపి, ఎప్పుడు మెలితిప్పుతారా అని బొమ్మలా నిలబడతాడు. ఇలాగని కరాటేను తీసిపారెయ్యలేం. కరాటేలోనే ఒక శాఖ అయిన క్యోకుషిన్‌వాళ్లు గ్లవ్స్ లేకుండానే ఒంటిమీద గట్టిగా కొట్టుకుంటారు. బోర్డుమీద పేరు ఒకటే ఉన్నా లోపల సాధన వేరు.

మాగుంట లేఅవుట్‌లోనైనా దర్గామిట్టలోనైనా, ఫీజు కట్టేముందు అరగంట గోడపక్కన నిలబడి చూడండి. కాలర్ పట్టుకున్నవాడు నిజంగా వదలకుండా పట్టుకుంటున్నాడా? చెమట పడుతోందా? అదేమీ లేకుండా ఏ బెల్టుకెంతో ముందే రేటు చెబుతుంటే, పక్క వీధి చూసుకోండి.