ఊబకాయ నివారణకు పాలమూరు పద్ధతి

ప్రజల పొట్టల మీద ప్రభుత్వానికి ఇంత శ్రద్ధ కలగడం ఎంతైనా హర్షణీయం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో 30.1 శాతం మహిళలు, 32.3 శాతం పురుషులు ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు కనుక, ఏదో ఒకటి చేయక తప్పదు. అందుకే 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి వంటనూనెను 10 శాతం తగ్గించుకోమని కోరారు. అదే ఏడాది కేంద్ర ఆరోగ్య శాఖ తినే వస్తువుల్లో నూనె, చక్కెర ఎంతుందో చూపే బోర్డులు ఆఫీసులలో పెట్టమని సూచించింది. నల్లగొండ గుమాస్తాలు ఈ పిలుపును అందుకున్నారనే చెప్పాలి. మిర్చి బజ్జీని పాత పేపరు మధ్య పెట్టి, రెండు వైపులా గట్టిగా ఒత్తి, అక్షరాలు అవతలికి కనిపించేదాకా నూనె పిండి మరీ తింటున్నారు.

తగ్గించుకోవడంలో ప్రభుత్వమూ వెనుకబడలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీముల మీద జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించి చూపింది. నోరు కట్టుకోవడం మాత్రం తినేవాడి బాధ్యత.

జపాన్ 2008 నుంచి 40 ఏళ్లు దాటినవారి నడుము కొలిపిస్తోంది. మన దర్జీలు ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నారు, కాకపోతే మర్యాదకు అంకె పైకి చదవరు.

విదేశాల దాకా ఎందుకు, దేశమంతటా ఆనకట్టలు కట్టి కాలువలు తవ్విన పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీల విధానమే ఉండగా? అందులో జిమ్ముకు రుసుము కట్టే పని లేదు, పైగా గుంపు మేస్త్రీయే ముందుగా అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. పొద్దంతా తట్ట మోయడం, రాత్రికి గటక అనే జొన్న సంకటి, నెలల తరబడి గుడిసెలో కాపురం; ఈ శిబిరంలో చేరినవారికి పొట్ట వచ్చిందన్న ఫిర్యాదు ఎన్నడూ వినలేదు. ఇంత పకడ్బందీ పథకాన్ని జాతీయ స్థాయికి తీసుకుపోకుండా, కరువు అని పేరు పెట్టి చిన్నచూపు చూశాం.

ఆ రోజుల్లో లేనివారి తిండి అయిన జొన్న రొట్టె ఇప్పుడు డాక్టరు చీటీలోకి ఎక్కింది. సాయంత్రం మహబూబ్‌నగర్‌లో రోడ్డు పక్కన ఓ అమ్మ పిండిని అరచేత్తో చరిచి పెనం మీద వేస్తుంటే, కార్లు ఆపుకుని మరీ వరుసలో నిలబడుతున్నారు. రేషన్ కార్డువారికి మాత్రం మనిషికి 6 కిలోల సన్నబియ్యం అందుతోంది. అందులో కొంత జొన్నలుగా ఇవ్వకూడదా అని అడిగే అమాయకులు ఉంటారు. జొన్నలంటే మద్దతు ధరకు కొనాలి, గోదాములో పోయాలి, లారీల మీద ఊరూరికీ చేర్చాలి. ఉపదేశానికి అవేవీ అక్కరలేదు, పురుగు పడుతుందన్న భయమూ లేదు.