హార్మ్‌లెస్ ఎర్రర్ గారికి జ్యూరర్ నంబర్ 7 నమస్కారాలు

హార్మ్‌లెస్ ఎర్రర్ గారూ,

నేనెవరో మీకు తెలీదులెండి, మీరు మాత్రం నాకు బాగా తెలుసు. కింది కోర్టు తప్పు చేసినా, దానివల్ల ఫలితం మారేది కాదులే అని అప్పీలు కోర్టు తీర్పుని అలాగే ఉంచేసే సూత్రం మీరేగా. కాలిఫోర్నియాలో సిటిజన్‌షిప్ వచ్చి ఏడాది తిరక్కుండానే జ్యూరీ సమ్మన్స్ వచ్చింది, రెండో రోజు నుంచి రోజుకి 15 డాలర్లు.

కేసు చిన్నదే. ఒకతను షాపులోంచి రెండు డిటర్జెంట్ డబ్బాలు ఎత్తుకుని బయటపడుతుంటే గార్డు చొక్కా పట్టుకున్నాడు, ఇతను విదిలించుకుని పరిగెత్తాడు. ఆ విదిలింపు వీడియోలో రెండు సెకన్లు కూడా లేదు, మేం ఎన్నిసార్లు వేయించుకుని చూశామో లెక్కలేదు. అది బలప్రయోగం అయితే రాబరీ, రెండు నుంచి ఐదేళ్లు, పైగా స్ట్రైక్ (మళ్లీ పెద్ద నేరం చేస్తే శిక్ష పెంచే మచ్చ). కాదంటే చిల్లర దొంగతనం, మహా అయితే ఆర్నెల్లు (శిక్షల సంగతి నాకు తర్వాత తెలిసింది, జ్యూరీకి చెప్పరు). తమాషా ఏంటంటే ఆ చిల్లర దొంగతనం అనే దారి ఒకటుందని కూడా మాకు చెప్పలేదు. ఫుల్ మీల్స్ తింటావా పస్తుంటావా అని అడిగి, లోపల టిఫిన్ ఉన్న సంగతి దాచేసినట్టు.

"డబ్బాలైతే పట్టుకెళ్లాడు కదా, ఊరికే వదిలేద్దామా?" అంది పక్కనున్న రిటైర్డ్ టీచరమ్మ. అంతే, రాబరీయే అంటూ ఒక్కో చెయ్యీ లేచింది. నాది అందరికన్నా చివర్న లేచింది, కానీ లేచింది. తిలాపాపం తలా పిడికెడు.

అప్పీల్లో మీరు దిగారు. 1998లో బ్రెవర్‌మన్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు, సాక్ష్యం ఉంటే లాయర్లు అడక్కపోయినా చిన్న నేరం గురించి జడ్జే జ్యూరీకి చెప్పాలంది. మరి చెప్పకపోతే? మరణశిక్ష కేసు కాకపోతే మామూలుగా 1956 నాటి వాట్సన్ కేసు కొలత తీస్తారు, చెప్పుంటే ఫలితం మారడానికి తగినంత అవకాశం ఉందని అనిపించకపోతే తప్పు తప్పే గానీ నష్టం లేదంటారు. అడక్కపోయినా చెప్పాలి, చెప్పకపోయినా పర్లేదు, ఏం సర్దుబాటండీ! ఏదో ఒక నేరం చేశాడని తేలిపోయాక, అనుమానం మిగిలున్నా జ్యూరీ శిక్ష వైపే మొగ్గుతుందని 1973లోనే కీబుల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అందే, అది మీదాకా రాలేదా?

ఇండియాలో ఉన్న నాన్నకి ఫోన్లో చెప్తే "మన దగ్గర పాత ఐపీసీలో జడ్జిగారే 302 హత్య కేసుని, హత్య కిందకి రాని 304 పార్ట్ టూకి దించేసేవారు కదరా, మధ్యలో ఈ పన్నెండుమంది ఎందుకు?" అన్నారు. ఏం చెప్పను.

నాకు అర్థంకానిది ఒక్కటే. టిఫిన్ ఉందని తెలిస్తే మేం ఏం తినేవాళ్లమో అప్పీలు కోర్టు ముగ్గురు జడ్జీలు ఫైలు చూసి ఊహించేస్తారు, తిన్నవాళ్లం మేం బతికే ఉన్నాం గానీ మమ్మల్ని అడగరు. నా అంతట నేనెళ్లి చెప్తానన్నా, జ్యూరర్ మనసులో ఏమనుకున్నాడో సాక్ష్యానికి పనికిరాదని ఎవిడెన్స్ కోడ్ 1150 ఉందంట.

నా అడ్రస్ తెలీక కాదండోయ్, ఆ 15 డాలర్ల లెక్కన చెక్కు సరిగ్గా నా ఇంటికే వచ్చింది.

ఇట్లు,
చెయ్యి చివర్న ఎత్తిన జ్యూరర్ నంబర్ 7