లాలీని ద్రోహి అనకండి

గ్రూప్స్‌కు చదివిన వాళ్లకు ఈ బిట్ గుర్తుండే ఉంటుంది. ఫ్రెంచి సేనాని బుస్సీని దక్కన్ నుంచి వెనక్కి పిలిపించింది ఎవరు? ఇక్కడి ఫ్రెంచి సేనలకు పెద్ద అయిన కౌంట్ డి లాలీ. తర్వాతి బిట్, ఆయన ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిన వందవాసి యుద్ధం ఎప్పుడు? 1760. అంతటితో లాలీ అయిపోతాడు. మొన్న ఒక క్లాసు వీడియోలో సారు ఆయన్ని "ఫ్రెంచివాళ్లను అమ్మేసిన ద్రోహి" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

ఆ కుటుంబానిది ఐర్లండ్. గాల్వే ప్రాంతంలో ట్యూమ్ దగ్గర టుల్లినడాలీ వాళ్ల ఊరు. కేథలిక్కులు. ఇంగ్లండ్ గద్దె పోగొట్టుకున్న జేమ్స్ రాజు పక్షాన పోరాడి ఓడిపోయారు. 1691లో ఆ యుద్ధాన్ని ముగించిన లిమరిక్ ఒప్పందం తర్వాత వేలమంది ఐరిష్ సైనికులు ఫ్రాన్స్‌కు వలసపోయారు. అలా ఫ్రెంచి కొలువులో స్థిరపడిన సర్ జెరార్డ్ లాలీకి 1702లో రోమాన్ అనే ఊళ్లో పుట్టినవాడే మన లాలీ. మనవాళ్లు ఊరు వదిలొచ్చినా ఆ ఊరిపేరు ఇంటిపేరుగా మిగిలిపోతుంది చూడండి, వీళ్లకీ అంతే. టుల్లినడాలీ ఫ్రెంచి నోళ్లలో నలిగి నలిగి టోలెండాల్ అయింది.

ఇంగ్లీషువాళ్ల మీద పగ ఆయనకు పుట్టుకతో వచ్చింది. 1745లో ఇంగ్లీషువాళ్లతో ఫ్రాన్స్ చేసిన ఫాంటెన్వా యుద్ధంలో తన పేరుతోనే ఉన్న ఐరిష్ రెజిమెంటును నడిపించాడు. అలాంటి మనిషి ఇంగ్లీషువాళ్లకు అమ్ముడుపోయాడా?

మంచి సేనాని అని మాత్రం నేను అనను. 1758లో పాండిచ్చేరిలో దిగేసరికి ఖజానాలో డబ్బుల్లేవు, అక్కడి ఫ్రెంచి పాలన చూసే కౌన్సిల్‌తో రోజూ గొడవే. నోటి దురుసు వల్ల అందరినీ దూరం చేసుకున్నాడు. బుస్సీని పిలిపించాడు, ఆ డిసెంబర్‌లోనే చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడారు, మరుసటి ఏడాది మచిలీపట్నం పోయింది. మన కోస్తా ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లడానికి దారి పడింది అక్కడే. ఇంకో ఘోరం కూడా ఉంది. తంజావూరు మీదికి వెళ్తూ కీళ్వేలూరు గుడిని దోచి, గూఢచారులన్న అనుమానంతో అక్కడి బ్రాహ్మణులను ఫిరంగులకు కట్టి పేల్పించాడు. దాన్ని నేను క్షమించలేను. కానీ ఆయన తల తీసింది అందుకు కాదు.

1761 జనవరిలో పాండిచ్చేరి లొంగిపోయాక ఆయన్ని ఖైదీగా ఇంగ్లండ్ తీసుకెళ్లారు. పారిస్‌లో తన మీద నిందలు వేస్తున్నారని తెలిసి, అనుమతి తీసుకుని తనంతట తానే ఫ్రాన్స్ వెళ్లాడు. తప్పు చేసినవాడు అలా వెళ్తాడా? బాస్టీల్ జైల్లో ఏళ్ల తరబడి ఉంచారు. రాజు ప్రయోజనాలకు ద్రోహం చేశాడని తీర్పు ఇచ్చి, 1766 మే 9న జనం మధ్య తల నరికారు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా నోటికి అడ్డు బిగించి మరీ తీసుకెళ్లారు. ఆ ఒక్క వివరం చాలు నాకు, ఆ కోర్టు మీద నమ్మకం పోవడానికి.

అప్పుడు కొడుకు ట్రోఫీమ్ జెరార్డ్‌కు పదిహేనేళ్లు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ. తండ్రి ఎవరో ఆ పిల్లాడికి తెలిసిందే ఆ రోజుల్లో. తండ్రి చేయి పట్టుకుని నడిచిన రోజు ఒక్కటీ లేదు, ఆయన మీద మచ్చ చెరపడానికి మాత్రం ఏళ్లకేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. పేరుమోసిన ఫ్రెంచి రచయిత వోల్టేర్ తోడు నిలిచాడు. 1778 మేలో రాజుగారి కౌన్సిల్ పాత తీర్పును కొట్టేసింది. మంచం మీద ప్రాణం పోతున్న వోల్టేర్ ఆ కబురు విని, ఇక సంతోషంగా పోతానని కొడుక్కి ఉత్తరం పంపాడు. నాలుగు రోజులకు కన్నుమూశాడు.

అయినా కేసు తేలలేదు. మళ్లీ విచారణకు పంపితే అడ్డం తిరిగినవాడు డ్యువల్ డెప్రెమెనిల్. ఎవరనుకున్నారు? పాండిచ్చేరిలో పుట్టినవాడు, లాలీతో నిత్యం తగువుపడ్డ గవర్నర్ లేరీకి సొంత అన్నదమ్ముల బిడ్డ. లాలీ నిర్దోషి అయితే తన వాళ్లు దోషులవుతారన్న భయం ఆయనది. పాండిచ్చేరి తగాదాను రెండు ఇళ్ల పిల్లలు ఫ్రాన్స్ కోర్టుల్లో కొనసాగించారు. 1789లో ఫ్రాన్స్ ప్రతినిధుల సభ స్టేట్స్ జనరల్‌కు ప్రభువుల తరఫున ఎన్నికైన వాళ్లలో ఇద్దరూ ఉన్నారు. డెప్రెమెనిల్ 1794లో గిలటిన్ కింద పోయాడు. లాలీ కొడుకు ఇంగ్లండ్ పారిపోయి బతికి, తిరిగొచ్చి, 1830లో పారిస్‌లో చనిపోయాడు, టోలెండాల్ అన్న పేరుతోనే.