ముందు గాలి తీయండి

పోయిన ఎండాకాలం కల్వకుర్తి దిక్కు దుందుభి వాగులో నా బండి ఇరుసు దాకా ఇసుకలో దిగబడింది. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే ఫోర్ బై ఫోర్ ఉంది, లో గేర్ వేశాను. అయినా ఎంత రేస్ ఇస్తే అంత లోపలికి పోయింది. ఒడ్డు మీద గొర్లు కాస్తున్న పెద్దాయన చాలాసేపు చూసి, "ఇంకింత రేసియ్యి సారూ, చెలిమ పడ్తది" అన్నాడు.

చివరికి ట్రాక్టర్ వచ్చింది. ఆ డ్రైవర్ తాడు కూడా తీయలేదు. "ముందు టైర్లల్ల గాలి తీయున్రి" అన్నాడు. 33 ఉన్నదాన్ని 16 పీఎస్‌ఐకి దించి, చక్రాల ముందూ వెనకా ఇసుక తోడి, వచ్చిన గాడిలోనే మెల్లగా రివర్స్ చేస్తే బండి దానంతటదే బయటికొచ్చింది. గాలి తగ్గితే టైరు చదునై, పొడుగ్గా నేలకు ఆనుతుంది, బరువు పరుచుకుంటుంది. అంతే కిటుకు. చక్రం ఉన్నచోటే తిరిగితే వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. గట్టిగా బ్రేక్ కొట్టినా ఇసుక ముందు కుప్పపడి మళ్లీ కదలనివ్వదు. తారు రోడ్డు ఎక్కగానే గాలి నింపుకోవాలి, లేదంటే స్పీడులో టైరు వేడెక్కి పగిలిపోతుంది.

లక్షలు పోసి బండి ఎత్తు పెంచే మనవాళ్లు గాలి గేజ్, చిన్న కంప్రెసర్ కొనరు. అదే నా కడుపుమంట.

వైజాగ్ కాలనీ దగ్గర నాగార్జున సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున ఈ కిటుకూ పనిచేయదు. నీళ్లు వెనక్కి పోయాక పైన పర్రెలు పట్టి గట్టిగా కనిపిస్తుంది, కింద మెత్తటి ఒండ్రు. దిగి నడిచి చూడండి. మడమ దిగితే బండి కూడా దిగుతుంది. వానాకాలంలో వాగులో టెంట్ వేసేవాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు. ఇక్కడ చుక్క పడకపోయినా పైన కురిస్తే వాగు వస్తుంది.

ఇక నల్లమల. మన్ననూరు దాటాక మట్టి బాట కనిపించిందని బండి తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, పులులు తిరిగే అడవి. చూడాలనుంటే అటవీ శాఖ సఫారీ ఉంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం నేరం. మార్చిలో ఆ గడ్డి ఎట్లా ఉంటుందో చూసినవాడెవడూ అక్కడ చికెన్ కాల్చుకోడు.

మొన్న ఒకాయన మెసేజ్ పెట్టాడు, బండి పైన ఎన్ని లైట్లు పెట్టించాలన్నా అని. గేజ్ ఉందా అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.