చక్రవర్తి గారి పొరపాట్లు

సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో అడవి పెంచాలనుకునేవాళ్లు ముందుగా బ్రెజిల్ చక్రవర్తి రెండో పెడ్రో కథ చదవాలి. ఎలా చేయకూడదో తెలుస్తుంది.

రియో డి జనీరో అప్పట్లో ఆ దేశ రాజధాని. ఊరి వెనకున్న టిజూకా కొండల మీద అడవి కొట్టేసి కాఫీ తోటలు వేశారు. కాఫీ బాగానే పండింది గానీ, కొండల మీంచి ఊళ్లోకి వచ్చే వాగులు ఎండిపోసాగాయి. కళ్లెదుట సముద్రమంత నీళ్లు, తాగడానికి కటకట. తెలివైన ప్రభుత్వమైతే వెంటనే ట్యాంకర్లకు టెండర్లు పిలిచేది. ఈయన తోటల భూములు వెనక్కి తీసుకుని, 1861లో ఆర్చెర్ అనే మేజర్‌ని పిలిచి, కొండ మీద మళ్లీ అడవి పెంచమన్నాడు.

ఆ మేజర్ 13 ఏళ్లు అదే పని మీద ఉండిపోయాడు. ఆ 13 ఏళ్లలో మనమైతే 13 సార్లు మొక్కల పండగ చేసేవాళ్లం, అవే గోతుల్లో. ఆయన వెళ్లాక వచ్చినాయన ఇంకా విడ్డూరం, పాత పనినే కొనసాగించాడు! ముందు అధికారి మొదలుపెట్టినదాన్ని పక్కన పడేయకుండా ఉద్యోగం ఎలా చేశాడో పాపం.

పేరు మేజర్‌ది, మొదట్లో గడ్డపార పట్టింది మాత్రం ఆరుగురు బానిసలు. వాళ్లలో ఒకామె పేరు మరియా. ఈ ఒక్క విషయంలో చక్రవర్తి మనకు దగ్గరివాడే. ఫలకం మీద పేరు ఒకరిది, అరచేతుల్లో బొబ్బలు ఇంకొకరివి.

అన్నింటికన్నా పెద్ద పొరపాటు ఫొటో దగ్గర జరిగింది. పెడ్రోకి ఫొటోల పిచ్చి. 1840లో, పద్నాలుగేళ్లకే, కెమెరా తెప్పించుకున్న మనిషి. చేతిలో కెమెరా, కింద సింహాసనం, కొండ నిండా గోతులు. ఒక్క మొక్క మీద చెయ్యేసి ఫొటో దిగితే ఆ పూటకి అడవి పూర్తయ్యేది కదా! ఆ చిన్న కిటుకు తట్టకపోవడం వల్ల ఆ కొండలు ఇవాళ్టికీ అడవిగానే మిగిలిపోయాయి. 1961లో నేషనల్ పార్క్ అని పేరు పెట్టి, ఉన్న కాస్త ఆశనీ చెరిపేశారు. సీ వ్యూ ఉన్న అంత భూమి!

పని అంటే ముంబైలో చూడాలి. 2019 అక్టోబర్‌లో ఆరే కాలనీలో మెట్రో కార్ షెడ్ కోసం 2,141 చెట్లు కొట్టడానికి రెండు మూడు రోజులు చాలాయి. సుప్రీంకోర్టు ఆపమనేసరికి, కొట్టాల్సినవి కొట్టేశామని జవాబు వచ్చింది. నాటడానికి ఏళ్లు తీసుకున్న మేజర్ సిగ్గుపడాలి.

మడ అడవుల సంగతి అడక్కండి. అలల జోరు తగ్గిస్తాయి, తీరం కోసుకుపోకుండా కాపాడతాయి, నిజమే. కానీ అంతా బురద. ఫొటోలో బూట్లు పాడవుతాయి.

చెట్ల తప్పు కూడా కొంత ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో చెట్లు ఎలా కూలాయో అందరం చూశాం. గాలికి నిలబడటం చేతకాని చెట్లు ఊళ్లో ఎందుకసలు? ఏ ఊళ్లో చూసినా వాటికి మనం తక్కువేం చేయలేదు. మొదలు చుట్టూ వేలు దూరనంతగా సిమెంటు పోస్తాం, బట్టలకు మట్టి అంటకుండా. కేబుల్ కోసం ఒకవైపు వేళ్లు తెగ్గొట్టి బరువు తగ్గిస్తాం. కొమ్మలు కూడా కరెంటు తీగల వైపున్నవే కొడతాం, రెండోవైపువి ముట్టుకోం. ఇంత చేసినా పడిపోయిందంటే దానికి బతకాలని లేదనే అర్థం.

మా వీధి చివర మాత్రం పద్ధతిగా జరుగుతోంది. ఇనుప కంచె మీద దాత పేరుకి ఏటా కొత్త రంగు. లోపల పోయినేడు నాటిన మొక్క పుల్లగా మారి, నైలాన్ తాడుతో కర్రకి కట్టి ఉంది. మొన్న జూన్ 5న పర్యావరణ దినోత్సవం అనగా, ముందురోజు ఒకతను వచ్చి ఆ పుల్ల పట్టుకుని లాగాడు. నర్సరీ వాళ్ల నల్ల పాలిథిన్ సంచితో సహా ఊడొచ్చింది. వేళ్లు సంచి దాటి ఒక్క అంగుళం కూడా పోలేదు. గొయ్యి చెక్కుచెదరలేదు. కొత్త మొక్క తెచ్చి, సంచి విప్పకుండానే అందులో దించాడు. సరిగ్గా సరిపోయింది.