సవరణ: భృతి కాదు, జీతం

పేద మహిళలకు తాత్కాలిక ఉపాధి, ఉద్యోగ శిక్షణ గురించిన గత వ్యాసంలో రెండు వాక్యాలను మార్చి చదువుకోవాలని మనవి.

మొదటిది: ‘శిక్షణ కాలంలో భృతి ఇస్తారు’. భృతి కాదు, జీతం. ఇలాంటి పథకంలో చేరిన మహిళ మొదటి రోజు నుంచే ఉద్యోగి. హాజరు పట్టీలో సంతకం, పని గంటలకు వేతనం, పైన అజమాయిషీ అన్నీ ఉంటాయి. ఆలస్యంగా వస్తే అడుగుతారు, కానీ మొదటిసారికే ఇంటికి పంపరు. పిల్లవాడికి జ్వరం వస్తే ఎవరి దగ్గర ఉంచాలి, బస్సు తప్పితే ఎవరికి ముందుగా ఫోను చేయాలి అన్నవి కూడా అక్కడ నేర్చుకునే పనిలో భాగమే. కుట్టు మిషను ఎవరైనా నేర్పగలరు, అసలు కష్టం వీటిలోనే ఉంది.

రెండోది: అమెరికాలో 1975లో మొదలైన ‘సపోర్టెడ్ వర్క్’ (ఉద్యోగం దొరకనివారికి అండగా ఉంటూ తాత్కాలిక పని ఇచ్చే) ప్రయోగం ‘అందరికీ సమానంగా ఉపయోగపడింది’. అలా జరగలేదు. అందులో దీర్ఘకాలం ప్రభుత్వ సాయంపై బతుకుతున్న తల్లులతో పాటు జైలు నుంచి వచ్చినవారు, మాదకద్రవ్యాలు మానినవారు, చదువు మానేసిన యువత ఉన్నారు. లాటరీ పద్ధతిలో కొందరికే పని ఇచ్చి, మిగతావారితో పోల్చి చూశారు. పని మొదట తేలికగా ఉండి, క్రమంగా కఠినమయ్యేది. సంపాదన నిలకడగా పెరిగింది ప్రధానంగా ఆ తల్లులకే. అయితే సంపాదన పెరిగే కొద్దీ సర్కారు సాయం తగ్గింది కాబట్టి, ఆ పెరుగుదల అంతా ఇంటికి చేరలేదు.